అడిగితే చెప్పేవాణ్ణే

మార్చి 5, బుధవారం

ఈరోజు నుంచి శ్రమ దినాలు. ఈస్టర్ దాకా నలభై రోజులు ఏదో ఒకటి వదిలిపెట్టాలి. మూడేళ్ల కిందట చాయ్ వదిలాను. మూడో రోజుకే తలనొప్పి పట్టుకుంటే కాఫీ తాగాను, కాఫీ చాయ్ కాదు కదా. నిరుడు కోపం వదిలాను. వదిలిన సంగతి ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేదు. ఈసారి ఏం వదలాలా అని చర్చి మెట్ల మీద నిలబడి ఆలోచిస్తుంటే ప్రేమమ్మ అందరి ముందూ అన్నది, "అబద్ధాలు ఇడిసిపెట్టు. సంఘమంతా సుఖపడ్తది."

కట్టుకున్న భార్య అనాల్సిన మాటేనా? పాస్టరయ్య విన్నాడు. వసంతమ్మ కూడా విన్నది. వసంతమ్మ విన్నదంటే మా ఊరు సురంగల్ అంతా విన్నట్టే. సంఘ పెద్దను కాబట్టి కాదనలేక సరే అన్నాను.

ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసినవాడికి ఇది మామూలు శిక్ష కాదు. "వెనక బస్సు ఖాళీగా వస్తోంది, అందులో ఎక్కండి" అని రోజుకు ఎన్నిసార్లు చెప్పేవాణ్ణో దేవుడికి తెలుసు. వెనక బస్సు లేదని కూడా ఆయనకు తెలుసు.

నోరు జారకుండా చూసుకోవడానికే ఈ డైరీ. దీన్ని ఎవరూ చదవరు. ప్రేమమ్మకు కళ్లద్దాలు లేకపోతే అక్షరం కనబడదు. ఆ అద్దాలు ఎక్కడున్నాయో నాకొక్కడికే తెలుసు.

మా పిల్ల విజయరాణి ఆదివారం పుణె వెళ్లింది. చందనవెల్లిలో తను పనిచేసే కంపెనీ వాళ్లు నెల రోజుల ట్రైనింగ్‌కు పంపారు. వెళ్లేముందు మా గుర్రం డైసీ మెడ పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడింది. కన్నతండ్రికి రెండు నిమిషాలు ఇచ్చింది, అవీ డైసీ గురించే. దాణా ఎంత వెయ్యాలి, నీళ్లు ఎప్పుడు పెట్టాలి, ఎవరెవరి ఫోన్ నంబర్లు గోడ మీద రాసి ఉన్నాయి. చివరికి వేలు చూపించి మరీ చెప్పింది, "బాపు, నాడా ఊడితే ఎల్లేశ్ అన్నకు ఫోన్ చెయ్యి. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు."

డైసీ మా ఇంటికి వచ్చి రెండేళ్లయింది. మొయినాబాద్‌లో గుర్రపు స్వారీ నేర్పే బడి నుంచి, వయసు మళ్లింది, ఇక పనికిరాదని పంపించేస్తుంటే మా పిల్ల తోలుకొచ్చింది. తెల్లగా ఉంటుంది. మనిషిని చూస్తే తల తెచ్చి భుజం మీద పెడుతుంది. నాకు గుర్రాలంటే పెద్ద ఇష్టమేమీ లేదు.

మార్చి 7, శుక్రవారం

డైసీ కంచె తీగలో కాలు ఇరికించుకుంది. ఆ తీగ చుట్ట తీసి పక్కన పెట్టమని ప్రేమమ్మ క్రిస్మస్ నుంచి చెబుతోంది, అది వేరే సంగతి. కాలికేం కాలేదు కానీ కుడి ముందు కాలి నాడా, అదే గిట్టకు కొట్టే ఇనుప లాడం, ఒక పక్కకు లేచింది. నడిస్తే టక్కు టక్కుమంటోంది.

ఎల్లేశ్‌కు ఫోన్ చేశాను. ఉండేది చేవెళ్లలో. మొయినాబాద్ దాకా గుర్రాలన్నిటికీ నాడాలు కొట్టేది అతనే. "కాక, మొయినాబాద్ల పద్నాలుగు గుర్రాల పని పట్టిన. సోమారం పొద్దుగాల వస్త. అప్పటిదాంక కట్టేసి ఉంచు, జర నడిపియ్యకు" అన్నాడు.

ఒక్క నాడాకు సోమవారం దాకా ఆగాలట! మా నాయన ఈ ఊళ్లో ఎద్దులకు నాడాలు కొట్టినవాడు. చుట్టుపక్కల ఆరు ఊళ్ల ఎద్దులను మా ఇంటి ముందు పడేసి కాళ్లు కట్టేవాళ్లు. ఆయన సుత్తి, మేకుల డబ్బా ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. గుర్రానిది ఒకటే. అంటే సగం పని తక్కువ.

సాయంత్రం ప్రేమమ్మ స్త్రీల కూటానికి వెళ్లింది. కొంచెం పని చేశాను. వివరాలు అనవసరం.

మార్చి 8, శనివారం

డైసీ బాగానే ఉంది. టక్కు టక్కు లేదు. ఎల్లేశ్‌కు ఫోన్ చేసి, నిన్న తొందరపడ్డాను, నాడా గట్టిగానే ఉంది, నువ్వు రానక్కర్లేదు అని చెప్పాను. మూడు మాటలూ నిజమే.

మార్చి 9, ఆదివారం

డైసీ బాగానే ఉంది. కుడి కాలు కొంచెం ఆనీ ఆననట్టు పెడుతోంది. ఎండకేమో.

మార్చి 10, సోమవారం

బాగా లేదు.

పొద్దున చూస్తే కుడి కాలు గాల్లోనే ఉంది. గిట్ట మీద చెయ్యి పెడితే కాలుతున్న పెనంలా ఉంది. గోడ మీది నంబరు చూసి చేవెళ్ల నుంచి పశువుల డాక్టరును పిలిచాను. సాహిత్య అని చిన్న వయసు పిల్ల, చెయ్యి మాత్రం గట్టిది. పట్కారుతో గిట్ట చుట్టూ నొక్కుతూ వచ్చింది. ఒక చోట నొక్కగానే డైసీ అరిచిన అరుపుకు ప్రేమమ్మ చేతిలో చెంబు కింద పడింది. నాడా ఊడదీసి, గిట్ట అడుగున కొంచెం చెక్కేసరికి నల్లటి చీము కారింది. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది.

మేకులన్నీ నేనే ఏరి పక్కన పెట్టాను. నాడా కూడా. చుట్టూ శుభ్రంగా ఉండాలి కదా.

"నాడాలు కొట్టేది ఎవరు అంకుల్?"

"ఎల్లేశ్."

"వచ్చిపోయి ఎన్ని దినాలైంది?"

"రెండు వారాలు."

"గదే మరి. మేకు లోపటి మెత్తదాని దిక్కు పోయింది. ఒక్కోసారి వారం పది దినాలకు గాని బయటపడది."

చదువుకున్న పిల్ల. ఆమె ఆలోచిస్తుంటే మధ్యలో అడ్డు రావడం పద్ధతి కాదు. నాడాలు కొట్టేది ఎల్లేశే, రెండు వారాల కిందట వచ్చిందీ నిజమే. ఇంకేమైనా ఉంటే అడిగితే చెప్పేవాణ్ణే. అడగలేదు.

ధనుర్వాతం రాకుండా ఇంజక్షన్ ఇచ్చింది. రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాలు, ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో గిట్ట నానబెట్టమన్నది. తర్వాత మందు పెట్టి కట్టు కట్టాలి, తడి తగలకూడదు. బండి ఎక్కుతూ అన్నది, "ఎముక దాంక పోతే మనతోని ఏం గాదు అంకుల్. గుర్రం మూడు కాళ్ల మీద బతకది."

అప్పుడు డైసీ తల నా భుజం మీదే ఉంది.

మార్చి 11, మంగళవారం

గుర్రం కాలు బకెట్లో ఇరవై నిమిషాలు ఉంచడమంటే ఏమిటో రాయాలి. మొదటి బకెట్ తన్నేసింది. రెండో బకెట్లో నీళ్లు తాగబోయింది. మూడోది నా లుంగీ మీద పోసింది. ప్రేమమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "నువ్వే బకెట్ల కూసో, అది ఊకుంటది" అని సలహా ఇచ్చింది.

చివరికి నాకు తెలిసిన విద్య వాడాను. మెహిదీపట్నం, లంగర్‌హౌజ్, అప్పా జంక్షన్, అజీజ్‌నగర్, మొయినాబాద్, కనకమామిడి, చేవెళ్ల. మెల్లగా, గొంతు సాగదీసి, దిగేవాళ్లు దిగాలి అంటూ. డైసీ చెవులు నిక్కబొడిచి విన్నది. రాను పోను రెండు ట్రిప్పులు కొట్టేసరికి ఇరవై నిమిషాలయ్యాయి. ముప్పై రెండేళ్లలో ఇంత బుద్ధిమంతురాలైన ప్యాసింజరును నేను చూడలేదు.

మార్చి 12, బుధవారం

కట్టుకు అన్నిటికంటే మంచిది పసిపిల్లల డైపర్ అట. డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పింది. దూది మీద మందు పెట్టి, గిట్టకు డైపర్ తొడిగి, దాని మీద ప్లంబర్లు వాడే వెండి రంగు టేపు చుట్టాలి.

చేవెళ్ల మందుల షాపుకు వెళ్లాను. "పెద్ద సైజు ఉన్నయా?" అన్నాను. "ఎవరికి సార్?" అన్నాడు. గుర్రానికంటే గుర్రానికేమైందంటాడు. ఏమైందో చెబితే ఎట్లా అయిందంటాడు. అందుకని "ఇంట్ల అవసరం పడ్డది" అన్నాను. అది నిజం. వెనక్కి తిరిగితే వసంతమ్మ బీపీ మాత్రల కోసం నిలబడి ఉంది. నా ముఖం చూసింది, నా చేతిలో కట్ట చూసింది, తర్వాత చాలా దయగా నా లుంగీ వైపు చూసింది.

మార్చి 13, గురువారం

చీము ఇంకా కారుతోంది. అన్నం సగం వదిలేసింది. దాణా అని రాయాలి. అన్నం వదిలేసింది నేను.

మార్చి 15, శనివారం

విజయరాణి వీడియో కాల్ చేసింది. డాక్టరమ్మ అంతా చెప్పేసిందట. ముందు డైసీ కాలు చూపించమన్నది. కట్టు చూసి కళ్లు తుడుచుకున్నది. తర్వాత ఎల్లేశ్ మీద పడింది. "ఎంత నమ్మిన బాపు! పదేండ్ల సంది ఇదే పని చేస్తుండు. మేకు ఏడికి పోతున్నదో తెల్వదా?"

"పెద్ద తప్పేం గాదు బిడ్డా, ఎవరికైనా అయితది" అన్నాను. నిజంగా నా మనసులోని మాట అది.

"నువ్వు మంచోనివి బాపు, ఊకె మాఫ్ చేస్తవు. నేను మహేష్ సార్‌కు చెప్పిన. ఆయన గుర్రాలు గూడ కుంటయితే ఎట్ల?"

మహేష్ అంటే ఆ స్వారీ బడి నడిపే ఆయన. పద్నాలుగు గుర్రాలు ఆయనవే.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బాపు నీకేమైనా తెలుసా అని అడిగి ఉంటే చెప్పేవాణ్ణే. తండ్రిని మంచోడనుకునే పిల్లను ఎదురుమాట అని బాధ పెట్టడం నాకు చేతకాదు.

మార్చి 16, ఆదివారం

చర్చిలో పాస్టరయ్య నా గురించి ప్రత్యేక ప్రార్థన చేశాడు. "మా స్వామిదాసన్న మూత్ర సంబంధమైన బలహీనతను ముట్టి బాగుచెయ్యి ప్రభువా." ఆమెన్ అని అందరికంటే గట్టిగా అన్నది వసంతమ్మ. ప్రేమమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతుంటే, ఏడుస్తోందనుకుని పక్కనున్నవాళ్లు ఓదార్చారు.

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

మార్చి 18, మంగళవారం

ఎల్లేశ్ వచ్చాడు. పిలవలేదు, అతనే వచ్చాడు. బండి గేటు బయటే ఆపాడు, ఎప్పుడూ లోపలికి తెచ్చేవాడు.

"చూడొచ్చునా కాక?" అన్నాడు.

కట్టు విప్పి, కాలు తొడల మధ్య పెట్టుకుని, డాక్టరమ్మ చెక్కిన రంధ్రంలోకి చాలాసేపు చూశాడు. నేను పక్కనే నిలబడి నాడా ఏదంటాడేమో, మేకులు ఏవంటాడేమో అని చూస్తున్నాను. అవి ట్రంకు పెట్టె వెనక ఉన్నాయి. అడగలేదు. అతను తన కుడి చెయ్యి చూసుకున్నాడు.

"నేను గింత లోపటికి ఎన్నడు కొట్టలే కాక. ఇరవై మూడో యేట పట్టిన ఈ పని, ఒక్క గుర్రం కుంటలే. ఏమో మరి. ఆ దినం జర తొందరల ఉంటి. పోయిందేమో చెయ్యి."

ఇంకేం మాట్లాడలేదు. డైసీ మోకాలు మీద నుదురు ఆనించి, "మాఫ్ చెయ్యే తల్లి" అన్నాడు.

నేను నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాను. కడవ నిండుగా ఉంది కానీ కాసేపు గ్లాసు దొరకలేదు.

మార్చి 19, బుధవారం

ఎల్లేశ్ పొద్దున్నే వచ్చి కాలు నానబెట్టాడు. సాయంత్రం మళ్లీ వచ్చాడు. నేను వద్దన్నాను. "నా తప్పుకు నేను చెయ్యకపోతే ఎవరు చేస్తరు కాక?" అన్నాడు. టేపు అడ్డంగా కాదు, ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా చుట్టాలని నేర్పాడు. అతను పొద్దున కట్టిన కట్టు సాయంత్రం దాకా కదల్లేదు. నేను కట్టింది గంటలో జారి, డైసీ డైపర్ ఈడ్చుకుంటూ తిరిగేది.

మార్చి 21, శుక్రవారం

గిట్ట వేడి తగ్గింది. దాణా పూర్తిగా తిన్నది. నాకు జ్వరం వచ్చింది.

రాలేదు. ప్రేమమ్మ థర్మామీటర్ పెట్టి చూసింది, ఏమీ లేదు. ఈ మధ్య ఒళ్లు కూడా నా మాట వినడం లేదు.

కట్టు కడుతూ ఎల్లేశ్ మామూలుగా చెప్పాడు, మహేష్ వేరేవాణ్ణి పిలిపించుకున్నాడట. ఆయనను చూసి గుర్రాలున్న మిగతా ఐదుగురూ ఫోన్లు ఎత్తడం లేదట. ఒకటో తారీఖు నుంచి చందనవెల్లిలో గోదాముకు లోడింగ్ పనికి పోతాడట. "గుర్రాల పని బంద్ చేస్తున్న కాక. చెయ్యి మీద నమ్మకం పోయినంక సుత్తి పట్టొద్దు" అన్నాడు.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాలని నిర్ణయించుకున్నాను. అందరి ముందూ. ఇదే నా చివరి మాట.

మార్చి 23, ఆదివారం

చెప్పాను.

సాక్ష్యాల వేళ మైకు ముందుకు వెళ్లాను. అందరూ అయ్యో, లేవకూడదు ఈయన అన్నట్టు చూశారు. "ప్రియులారా, డైసీ కాలు గురించి ఎల్లేశ్‌ను తప్పు పట్టకండి. మేకు ఎవరి చేతిలో ఉన్నా దాని వెనక ఉన్నది నా పాపమే. ఆ గుర్రాన్ని కుంటిదాన్ని చేసింది నేనే. నన్ను క్షమించండి" అన్నాను.

పాస్టరయ్య అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడుండ్రి సంఘమా! ఇంకొకని తప్పును నెత్తిన ఏసుకునుడంటే ఇది" అన్నాడు. చప్పట్లు మోగాయి. స్త్రీల వైపు నుంచి వసంతమ్మ, "పాపం, ఆ బీమారితోని మనసు మెత్తబడ్డది" అనడం నా చెవిన పడింది. బయటికొచ్చాక పదిమంది నా చెయ్యి పట్టుకున్నారు. అప్పటిదాకా ఎల్లేశ్ ఎవరో తెలియనివాళ్లు కూడా, ఎవరా ఎల్లేశ్, గుర్రం కాలు పాడు చేసింది వాడేనా అని వివరాలు అడిగి తెలుసుకున్నారు.

నేనేం చెయ్యను? నిజం చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

(మధ్యాహ్నం) పడుకుని మళ్లీ ఆలోచించాను. సుత్తి అనే మాట అనలేదు నేను. శుక్రవారం అనలేదు, అటక అనలేదు, మా నాయన డబ్బా అనలేదు. పాపం అన్నాను. పాపం అంటే చర్చిలో ఎవరు నమ్ముతారు, అది అందరూ అనేదే. నమ్మకుండా ఉండేట్టే చెప్పాను. చప్పట్లు కొడుతుంటే నాకు బాగానే అనిపించింది కూడా.

మార్చి 24, సోమవారం

చిక్కుడుకాయ కూర వడ్డిస్తూ ప్రేమమ్మ అడిగింది, "మేకు ఎవరు కొట్టిండ్రు?"

పదిహేడు రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి.

"నేనే" అన్నాను.

గరిటె గిన్నెలో పెట్టింది. నేను తిట్లకు సిద్ధంగా కూర్చున్నాను. తిట్టలేదు. ఇంత వయసొచ్చాక ఆమె తిట్టకపోతే ఎట్లా ఉంటుందో మొదటిసారి తెలిసింది. "ఆ పిలగాడు దినాం రెండు మార్లు వచ్చి కట్టు కట్టిపోతుంటే, నువ్వు పక్కన నిలబడి టేపు అందిస్తున్నవా?" అన్నది. "నాకు చెప్పుడెందుకు? చెప్పవలసినోనికి చెప్పు. చర్చిల చెప్పినట్టు గాదు, మనిషి లెక్క చెప్పు."

మార్చి 25, మంగళవారం

చెప్పాను. సుత్తి అన్నాను, శుక్రవారం అన్నాను, అటక మీది డబ్బా అన్నాను. ట్రంకు పెట్టె వెనక నుంచి నాడా, మేకులు తెచ్చి అతని ముందు పెట్టాను. "తెల్వక చేసిన బిడ్డా" అన్నాను.

ఎల్లేశ్ తొడల మధ్య డైసీ కాలు ఉంది. మేకుల్లోంచి మా నాయన మేకును ఒక్క చూపులో వేరు చేశాడు. మొద్దు మేకు. గుర్రపు మేకుకు మొన దగ్గర ఒక పక్క ఏటవాలుగా ఉంటుందట, అందుకే కొట్టినకొద్దీ బయటికి వంగుతుంది. ఇది తిన్నగా లోపలికే పోతుంది.

మొదట అతని ముఖం వెలిగింది. కుడి చెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు, పోయిన వస్తువు దొరికినట్టు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు రాయలేను.

"పది దినాలు కాక. నా చెయ్యిని నేనే నమ్మలే. మా ఇంట్లదాని ముంగట చాయ్ గిలాస పట్టుకునేటందుకు గూడ భయమైంది, వణుకుతున్నదని అంటదేమోనని. నువ్వు టేపు అందించినవు."

చెప్పడానికి మాట ఉంటే చెప్పేవాణ్ణే.

కట్టు మాత్రం పూర్తిగా కట్టాడు. ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి. తర్వాత బండి తీసి "ఎక్కు" అన్నాడు.

మార్చి 26, బుధవారం

నిన్న మిగిలింది రాయలేదు, ఒళ్లు నొప్పులు. ఎల్లేశ్ బండి మీద మొయినాబాద్‌లో మహేష్ బడికి వెళ్లాం.

మహేష్‌కు అంతా చెప్పాను. ఆయన నా మాట వినడం లేదు, ఎల్లేశ్‌నే చూస్తున్నాడు. "పెద్దమనిషిని తోలుకొచ్చి గిట్ల చెప్పిస్తవా? సిగ్గు లేదా?" అన్నాడు. ఎల్లేశ్ తల దించుకున్నాడు. చర్చిలో చప్పట్లకు నాకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"సార్, ఓ చెక్కముక్క ఇయ్యుండ్రి. నేనెట్ల కొట్టిన్నో చూపిస్త" అన్నాను.

ఇచ్చారు. కింద కూర్చున్నాను. ఎద్దును పడేసినప్పుడు మా నాయన ఎట్లా కూర్చునేవాడో అట్లా, మఠం వేసుకుని. ఒక గుర్రాన్ని తెచ్చి ముందు నిలబెట్టారు. దాని కాలు నా ఒడిలోకి లాగాను, చెక్క ఆనించాను, మొద్దు మేకు పెట్టి సుత్తి ఎత్తాను. ఆ గుర్రం వంగి నా నెత్తి వాసన చూసింది. ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత గుర్రాలు తోమేవాళ్లు, స్వారీ నేర్పేవాళ్లు, మహేష్, అందరూ పొట్టలు పట్టుకున్నారు. నిలబడ్డ గుర్రం కింద మఠం వేసుకుని కూర్చుని నాడా కొట్టినవాణ్ణి వాళ్లెవరూ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చూడలేదట.

"డైసీ తన్నలేదా అంకుల్?" అన్నాడు మహేష్ కళ్లు తుడుచుకుంటూ.

"తన్నలే సార్. కదలకుంట నిలబడ్డది" అన్నాను. చెబుతుంటే ఆ సంగతి నాకే కొత్తగా తెలిసినట్టయింది.

మహేష్ లేచి ఎల్లేశ్ భుజం మీద చెయ్యి వేశాడు. "రేపటి సంది రా" అన్నాడు. నవ్వనిది ఎల్లేశ్ ఒక్కడే. బయటికొచ్చాక, "ఇంక ఐదు జాగాలున్నయి" అన్నాడు.

మార్చి 28, శుక్రవారం

ఐదు చోట్లా అయిపోయింది. ఐదు చోట్లా కింద కూర్చుని చూపించాను. ఐదు చోట్లా, తెల్వక చేసిన అని చెప్పాను. మూడో చోట నేను పోయేసరికే చెక్కముక్క సిద్ధంగా ఉంది, కుర్చీలు కూడా వేశారు. మొయినాబాద్‌లో ఇప్పుడు నా పేరు మేకు తాత. మనవలు పుట్టకముందే తాతనయ్యాను.

ఎల్లేశ్ గోదాముకు పోవడం లేదు. ఆ మాట నాతో చెప్పలేదు, ప్రేమమ్మతో చెప్పాడు.

ఏప్రిల్ 2, బుధవారం

విజయరాణి వచ్చింది. వాకిట్లోనే చెప్పేశాను, బ్యాగు కింద పెట్టకముందే. "తెల్వక చేసిన బిడ్డా" అన్నాను. బ్యాగు కింద పెట్టి డైసీ దగ్గరికి వెళ్లింది. ఇప్పటిదాకా నాతో నాలుగు మాటలు మాట్లాడింది. ఉప్పు అందుకో. ఫ్యాన్ వెయ్యి.

వసంతమ్మ వచ్చి నా ఆరోగ్యం అడిగి, కొత్త డైపర్ కట్ట ఇచ్చి వెళ్లింది. డైసీకి వాడేశాం.

ఏప్రిల్ 8, మంగళవారం

డాక్టరమ్మ నిన్న గిట్ట నొక్కి చూసి, అడుగున తోలు ముక్క పెట్టి నాడా కొట్టించవచ్చన్నది. పొద్దున ఎల్లేశ్ వచ్చాడు. బండి లోపలికే తెచ్చాడు. విజయరాణి డైసీ తల పట్టుకుని నిలబడింది. నేను దూరంగా గడ్డి దగ్గర నిలబడ్డాను, పిలవని పేరంటం ఎందుకని.

"కాక, ఇటు రా. కాలు పట్టు" అన్నాడు ఎల్లేశ్.

విజయరాణి చటుక్కున తలెత్తింది. "పట్టనియ్యి చెల్లె, నేనున్న గద" అన్నాడు.

పట్టుకున్నాను. నిలబడి, నడుం వంచి, మోకాళ్ల మధ్య. గిట్ట చల్లగా ఉంది. మొదటి మేకు పెట్టాడు.

"చెవి పెట్టి ఇను కాక. గట్టి దాంట్లకు పోతుంటే చప్పుడు ఖణేల్‌మంటది. మెత్తదాని దిక్కు మర్లిందనుకో, చప్పుడు చచ్చిపోతది. గప్పుడు ఆగి మేకు గుంజాలె. ఈ పనంత గంతే. చెయ్యి కంటె చెవి ముఖ్యం."

ఖణ్. ఖణ్. ఖణ్. మొదటి మేకు, రెండో మేకు, మూడోది. ప్రతి దెబ్బ నా మోకాళ్లకు తెలుస్తోంది. డైసీ కదల్లేదు.

ఆ శుక్రవారం కూడా మొదటి రెండు దెబ్బలు ఇట్లాగే మోగాయి. మూడో దెబ్బకు చప్పుడు మారింది. డైసీ ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది. నేను విన్నాను. ఏదో తేడా వచ్చిందని తెలిసింది, సుత్తి ఒక్క క్షణం గాల్లోనే ఆగింది కూడా. కానీ ప్రేమమ్మ వచ్చే వేళయింది. మేకు సగంలో ఉంది. తీయడం మా నాయన నేర్పలేదు. ఇంకో దెబ్బ వేశాను, ఇంకోటి వేశాను.

ఆరు చోట్ల చెప్పినప్పుడు ఇది చెప్పలేదు. కూతురికి చెప్పలేదు, ఈరోజు దాకా ఈ పుస్తకంలోనూ రాయలేదు. దీన్ని ఎవరూ అడగరు. ఎవరికీ తట్టదు.

ఎల్లేశ్ నాలుగో మేకు పెట్టాడు.

"ఆ దినం చప్పుడు మారింది బిడ్డా" అన్నాను. "నేను ఇన్న. ఇన్నంక గూడ కొట్టిన."

సుత్తి ఆగిపోయింది. విజయరాణి చెయ్యి డైసీ మెడ మీద ఉన్నచోటే ఉండిపోయింది. ఎల్లేశ్ వంగినవాడు వంగినట్టే నా ముఖంలోకి చూశాడు. తిట్టినా బాగుండేది.

చూపు మళ్లీ గిట్ట మీదికి తిప్పాడు.

"కాలు కదలనియ్యకు" అన్నాడు.

నేను కదలనివ్వలేదు.